గోడ కట్టే చేతికి చదువు

హుస్సేన్‌సాగర్ కట్ట 16వ శతాబ్దంలో, ఇబ్రహీం కులీ కుతుబ్‌షా ఏలుబడిలో లేచింది. ఆ కట్ట దిగువనే ఇవాళ్టి లోయర్ ట్యాంక్‌బండ్, అశోక్‌నగర్, చిక్కడపల్లి ఉన్నాయి. ఆ రోజుల్లో కట్టుబడి పనికి వేరే బడి లేదు. డంగు సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు ఏ పాళ్లలో పోయాలో కొడుకు తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్నాడు.

1908 మూసీ వరద తర్వాత హైదరాబాద్ నగరాన్ని కొత్తగా కట్టుకోవలసి వచ్చింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. హైకోర్టుకు, ఉస్మానియా ఆసుపత్రికి వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ నక్షాలు గీశాడు. 1929లో ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ తెరిచారు. నక్షా గీసేవాళ్లకు కాలేజీ వచ్చింది, గోడ కట్టేవాళ్లకు రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో మొదలైన వృత్తి శిక్షణ పథకం ఐటీఐలకు పునాది. కానీ దాని చూపు ఎక్కువగా ఫ్యాక్టరీల మీదే. డీబీఆర్ మిల్స్, ఆజమాబాద్ పారిశ్రామికవాడ వెలసిన ఈ కట్ట చుట్టుపక్కల ఫిట్టర్‌కూ ఎలక్ట్రీషియన్‌కూ ఉన్న గిరాకీ, గౌరవం తాపీ పనికి లేవు. అదే కాలంలో, 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను రాతికట్టడంగా లేపింది వేలాది కూలీల చేతులే. అంత పెద్ద డ్యామ్ కట్టిన అనుభవానికి ఒక సర్టిఫికెట్ ఇవ్వాలని ఎవరికీ తోచకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

సిమెంటు, ఇనుము వచ్చి సున్నాన్ని పక్కకు నెట్టాక సెంట్రింగ్, రాడ్ బెండింగ్ విడి వృత్తులయ్యాయి. వాటినీ సైటు మీదే నేర్చుకున్నారు. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం, 1998లో హైదరాబాద్‌లో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వచ్చాయి. తాపీ పని, ప్లంబింగ్, వైరింగ్, సర్వే, సూపర్‌వైజర్ పని అక్కడ పద్ధతిగా నేర్పడం మొదలైంది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు అదే.

సైటు మీద కుర్రాడు తూకం గుండు వేలాడదీయడం చూసి నేర్చుకుంటాడు. చెక్క ముక్క గోడకు ఆనాలి; కింద గుండు గోడను తాకీ తాకనట్టుండాలి. గుండు గోడకు ఒరుసుకుంటే గోడ లోపలికి వాలినట్టు, ఎడం కనబడితే బయటికి. ఇంతవరకు ఏ మేస్త్రీ అయినా చెబుతాడు. ఆ వాలు వల్ల బరువు ఎటు పోతుంది, ఇటుకను కట్టే ముందు ఎందుకు తడపాలి, సిమెంటు గోడకు క్యూరింగ్ ఎన్నాళ్లు చేయాలి అన్న ‘ఎందుకు’లు చెప్పేది బడి. అవి తెలిసినవాడే ప్లాను చదివి, కొలతలు తీసి, పదిమందితో పని చేయించగలడు.

ఇవాళ ఆ కట్ట దిగువన, అశోక్‌నగర్ సందుల్లో పోటీ పరీక్షల కోచింగ్ బోర్డులు, చిక్కడపల్లి గ్రంథాలయంలో పుస్తకాల మీద వంగిన తలలు. సివిల్ డిప్లొమా చేసి అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) పోస్టు కోసం చదివేవాళ్లూ అక్కడే ఉంటారు. వాళ్లకు నిచ్చెన ఉంది: పాలిసెట్‌తో మూడేళ్ల డిప్లొమా, ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడు. వాళ్లుండే హాస్టళ్లకు అంతస్తులు వేసే మేస్త్రీకి మాత్రం ఏళ్ల అనుభవం ఉన్నా ఆ నిచ్చెన అందదు.

2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లకు శంకుస్థాపన చేశారు. రోబోటిక్స్, సీఎన్‌సీ, విద్యుత్ వాహనాల కోర్సులు వాటికోసం ఎంచుకున్నారు. అవి కావలసినవే. వాటి పక్కన తాపీకి, సెంట్రింగ్‌కు కూడా ఒక షెడ్డు వేసి, పనిలో ఉన్నవాళ్లకు సాయంత్రం తరగతులు పెట్టి, సైటు అనుభవాన్ని డిప్లొమాలో చేరే అర్హతగా లెక్కించాలి.