నెల్లూరు తీరమున సైకిలు మోసిన బరువు

పెన్నానది సముద్రమున గలియు తావునకు ఉత్తరముగా రామాయపట్నమువరకును, దక్షిణముగా పులికాటు సరస్సువరకును వ్యాపించిన నెల్లూరు తీరమున, ఏ సరకు ఏ ఊరికి ఏ వేళకు చేరగలదను విషయమును చిరకాలము నిర్ణయించినవి మగవాని భుజమును, ఆడుదాని శిరస్సును, ఎద్దు వీపును. పిమ్మట పడవయు రైలును ఆ నిర్ణయములో కొంత పాలు పంచుకొన్నవి. కాని ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున, ఇంటి ముంగిటివరకు నడచివచ్చెడి సరకు విషయమున, ఆ యధికారము ముఖ్యముగా సైకిలునకు సంక్రమించినది. ఒక మనిషి యెక్కి తిరుగుటకై నిర్మింపబడిన ఈ యంత్రమును బరువుబండిగా మార్చిన ఘనత దానిని తయారుచేసిన కర్మాగారములది కాదు. చేపల బేరగాండ్రది, ఉప్పు అమ్మువారిది, పాలవారిది, వారు చెప్పిన కొలతలకు ఇనుము వంచియిచ్చిన కమ్మరులది, సైకిలుషాపు మేస్త్రీలది. ఈ వృత్తాంతమును ఆ వైపునుండి చెప్పుట న్యాయమని నా యభిప్రాయము.

సైకిలు రాకకు పూర్వము సముద్రపుటొడ్డున పడిన చేపలను ఊరిదాక చేర్చినది కావడి. ఊరినుండి సంతకు చేర్చినది స్త్రీల తలమీది గంప. కొఠారులలోని ఉప్పును పడమటి కొండలు దాటించి లోపలి సీమలకు కొనిపోయినవి పెరికలు వేసిన ఎద్దులు. వీనిలో కావడిని మోటు సాధనముగా నెంచుట తగదు. బద్ద వెదురుదై నడకకు అనుగుణముగా ఊగవలెను. ఉట్ల త్రాళ్ళు మిక్కిలి పొడవైనచో గంపలు కాళ్ళకు తగులును, మిక్కిలి పొట్టియైనచో బరువు నిలకడ దప్పి అటునిటు తూలును. ఇరువైపుల భారము సమానము గాకున్న మోయువాడు అరక్రోసు దూరమైనను పోజాలడు. ఎద్దు వీపుమీది పెరికయు అట్టిదే, అడ్డముగా వేసిన జంటసంచి. బరువును రెండు పాళ్ళుచేసి ఇరుప్రక్కల వ్రేలాడదీయుటయు, వీలైనంతవరకు నేలకు దగ్గరగా దించుటయు సైకిలు వచ్చునాటికే ఇచటి జనులకు వంశపారంపర్యమైన విద్యయై యుండెను.

పందొమ్మిదవ శతాబ్దమున రెండు గొప్ప మార్గము లేర్పడినవి. 1806 నాటికి బేసిల్ కాక్రేన్ అను వర్తకుడు చెన్నపట్టణమునుండి ఎన్నూరువరకు త్రవ్వించిన కాలువను ప్రభుత్వము క్రమక్రమముగా ఉత్తరమునకు సాగించి, 1876-78 నాటి మహాక్షామ కాలమున కూలీలకు పని కల్పించు నిమిత్తము దక్షిణమునను త్రవ్వించి, అప్పటి గవర్నరు పేర బకింగ్‌హాం కాలువ యని వ్యవహరించెను. ఇసుకపల్లి ఉప్పును, శ్రీహరికోట వంటచెరకును పడవలమీద చెన్నపట్టణమునకు ఆ దారినే పోయెడివి. 1899లో బెజవాడ చెన్నపట్టణములను కలుపు రైలుమార్గము ఏర్పడెను. అయినను పడవరేవునుండి పల్లెకును, స్టేషనునుండి పాలెమునకును మధ్య నున్న అయిదారు క్రోసుల దూరము మాత్రము కావడికిని, గంపకును, ఎడ్లబండికిని వదలివేయబడియే యుండెను. ఎడ్లబండి నిండుటకు తగిన సరకు ఎవరికో గాని యుండదు. పేదవాని సరకు మనిషి బరువునకు మించి యుండును, బండి బరువునకు చాలకుండును. సైకిలునకు చోటు దొరికినది ఇచ్చటనే.

ఆ యంత్రము పుట్టుపూర్వోత్తరములను క్లుప్తముగా చెప్పుకొనవచ్చును. 1817లో జర్మనీ దేశస్థుడు కార్ల్ ఫాన్ డ్రాయిస్ కాళ్ళతో నేలను తన్నుచు పోవు రెండు చక్రముల బండిని చేసెను. 1885లో జాన్ కెంప్ స్టార్లీ కవెంట్రీ నగరమున దాదాపు సమానమైన చక్రములును, వెనుక చక్రమునకు గొలుసును గల రోవర్ సైకిలును నిర్మించెను. 1888లో డన్‌లప్ సైకిలు గాలిటైరునకు పేటెంటు పొందెను. మన పట్టణములలో తొలుత ఇది ఉద్యోగులకును, వకీళ్ళకును, కలిగిన యిండ్లవారికిని గౌరవచిహ్నమైన విదేశీ వాహనము. దానిమీద గడ్డిమోపు కట్టుట యను ఊహయే ఆనాడు ఎవరికిని కలిగి యుండదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పెట్రోలునకు కట్టడి యేర్పడి బస్సులు బొగ్గుతో నడచిన రోజులలో సైకిలు అవసరము హెచ్చెను. స్వాతంత్ర్యానంతరము 1949లో చెన్నపట్టణము చెంతనే టీ.ఐ. సైకిల్స్ సంస్థ నెలకొనెను. 1951లో సోనేపట్టున అట్లాసు, 1956లో లూధియానాలో హీరో ప్రారంభమయ్యెను. క్రొత్త బండ్లు పెద్దలయిండ్ల చేరగా, చేతులు మారిన పాతబండి సామాన్యుని వాకిటికి వచ్చెను. బరువుల చరిత్రలో ఈ పాతబండియే ప్రధానపాత్ర.

ఆ బండి స్వరూపమును గూర్చి కొంత వివరముగా చెప్పవలసి యున్నది. సుమారు 20 కిలోల తూకము, 28 అంగుళముల చక్రములు, ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 స్పోకుపుల్లలు, రాడ్డు బ్రేకులు, దృఢమైన ఉక్కు ఫ్రేము: ఇంగ్లండులోని గ్రామమార్గములకై కల్పింపబడిన ఈ యాకృతి మన గతుకుల దారులకు చక్కగా అమరినది. వెనుక పుల్లలు ఎక్కువగా నుండుటకు కారణము మనిషి బరువు అధికభాగము వెనుక చక్రముమీద పడుటయే. కాని ఆ చక్రముమీద మనిషితోపాటు అంతకు హెచ్చు సరకును పడవలసి వచ్చినప్పుడు, కంపెనీ అమర్చిన పలుచని క్యారియరు నిలువజాలదు. అంతట పని కమ్మరికొలిమికి వచ్చెను. క్యారియరును ఊడదీసి, వ్రేలిలావు ఇనుపకడ్డీలతో దానికి రెండింతల పొడవును వెడల్పును గల చట్రమును చేసి, దాని కాళ్ళను వెనుక ఇరుసు చివరలకు బిగించి, మరి రెండు కడ్డీలను సీటు క్రింది గొట్టమునకు పొదిగిరి. బరువుతో నిలువబెట్టినను ఒరగకుండునట్లు స్టాండును వెడల్పుచేసిరి. ముందు ఫోర్కునకు అదనపు కమ్ములు వేసిరి. బిందెలకును పాలక్యానులకును కొక్కెములు మొలచినవి. ఇక కట్టు విషయమున, పాత ట్యూబును నిడుపుగా కోసిన రబ్బరు పట్టీని మించినది లేదని ఏ మేస్త్రీని అడిగినను చెప్పును: త్రాడు గతుకునకు సడలును, రబ్బరు గతుకుతోపాటు సాగి మరల బిగియును.

ఐరోపాలో ఇట్టి అవసరము కలిగినప్పుడు కర్మాగారములే వేరు బండ్లను సృష్టించినవి. ఇంగ్లండులో మాంసము, రొట్టెలు అమ్ము దుకాణముల కుర్రవాండ్రకై ముందు చిన్నచక్రమును, దానిపై పెద్ద బుట్టయు గల సైకిలును అమ్మిరి. డెన్మార్కులో 1920ల దశకమున ఫ్రేమును ముందునకు సాగదీసి, నడుమ నేలకు జానెడెత్తున సరకుపలక నమర్చిన లాంగ్ జాన్ అను బండిని చేసిరి. మన దేశమున సైకిళ్ళు లక్షలుగా తయారైనను, బరువు మోయువానికొరకు ఆలోచించి చేసిన బండి పల్లెవరకు రాలేదు. అందరికిని ఒకే బండి. తక్కినదంతయు కొనువాని బాధ్యత. దీనిని లోపముగా నెంచు వారు కలరు. ఏ గ్రామమున ఏ సరకు పండునో ఆ గ్రామపు క్యారియరు ఆ సరకునకే సరిపోవు రూపమును పొందినదనగా, ఆ లోపమునుండియే ఒక గొప్ప నైపుణ్యము పుట్టినదని నేను నమ్ముచున్నాను.

చేపల విషయము ప్రత్యేకముగా పరిశీలింపదగినది. మైపాడు రేవునుండి నెల్లూరునకు 20 కిలోమీటర్లకు పైబడిన దూరము; తలమీద గంపతో నడచునట్టి స్త్రీకి అది పూటంతటి ప్రయాణము, సైకిలువానికి రెండుగంటల ప్రయాణము. ఎండకు చేప కొలదిగంటలలో చెడును గనుక, పూర్వము దూరగ్రామములవారు ఎరిగినది ప్రధానముగా ఎండునెత్తళ్ళును, ఉప్పుచేపయు మాత్రమే. సైకిలును, దాని వెంబడి పట్టణపు ఐసు ఫ్యాక్టరీలును వచ్చిన తరువాత వంజరము, చందువ, కవ్వళ్ళు మొదలైనవి పచ్చిగానే లోపలి ఊళ్ళకు చేరినవి. తెల్లవారకమున్నే బేరగాండ్ర సైకిళ్ళు ఇసుక మొదలుకాని చోట, త్రోవ చివర, వరుసగా నిలిచి యుండెడివి. ఏలయనగా ఇసుకలో చక్రము దిగబడును. ఒడ్డునుండి అచ్చటికి మరల కావడియే శరణ్యము; క్రొత్త సాధనము పాతదానిని తొలగింపక దాని హద్దును కొంత వెనుకకు జరిపినది. గంపక్రింద తాటాకో, గోనెయో, తరువాతి కాలమున ప్లాస్టిక్ పట్టయో పరచకున్న ఉప్పునీరు కారి గొలుసును, ఇరుసును, రిమ్మును తినివేయును. అందుచేత ఈ తీరపు సైకిలు మెట్టప్రాంతపు సైకిలుకన్న శీఘ్రముగా త్రుప్పుపట్టును. దానిని నూనెతో తుడుచుట దినకృత్యములలో నొకటి.

ఈ ప్రయోజనము అందరికిని సమముగా అందలేదని స్పష్టముగా చెప్పవలెను. పట్టపు జాలరుల పాలెములలో వేట మగవారిది, అమ్మకము ఆడువారిది. నడుమ బారు గల సైకిలును చీర కట్టిన స్త్రీ ఎక్కుటకు వీలులేదు, లోకాచారమును ఒప్పుకొనదు. బస్సులలో చేపలగంపను సంతోషముతో ఎక్కించుకొనువారును అరుదు. దూరగ్రామముల లాభము సైకిలుగల మగబేరగాండ్రకు పోగా, తరతరములుగా ఆ వ్యాపారమును నిలిపిన స్త్రీలకు దగ్గరి ఊళ్ళును, మిగిలిన చేపలును మిగిలెను. పొరుగున తమిళనాటి పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతోద్యమము వేలాది గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పెను. వారు నీళ్ళను, సరకును, పిల్లలను దానిమీదనే కొనిపోయిరి. దాదాపు అదేకాలమున నెల్లూరు జిల్లాలో సాగిన అక్షరాస్యతోద్యమము దూబగుంట స్త్రీల సారా వ్యతిరేక పోరాటమునకు ప్రేరణయై రాష్ట్రమునే కదిలించినది. కాని సైకిలు ఆ యుద్యమములో భాగము కాలేదు. అంతటి ధైర్యముగల స్త్రీల చేతికి ఇంత చిన్న సాధనము నాడే అందియున్న, చేపలసంతల రూపము వేరుగా నుండెడిది కాదాయని నాకు విచారము కలుగుచుండును.

బరువైనదానికంటె తేలికయై పెద్దదిగా నుండు వస్తువే సైకిలుమీద కష్టతరమైనది. పచ్చగడ్డిమోపును అడ్డముగా వేసిన దారి చాలదు, నిలువుగా వేసిన కూర్చుండుటకు చోటుండదు. ఖాళీ గంపల దొంతరకును, చాపల చుట్టలకును సముద్రపుగాలి ప్రబలశత్రువు. మధ్యాహ్నానంతరము తూర్పుగాలి వీచు వేళ, గాలికి అడ్డముగా పోవు దారిలో అనుభవజ్ఞులు దిగి నడచెదరు. సరుగుడు వాసములను కట్టువారు వాని మొదళ్ళను హ్యాండిలు ప్రక్కగా ముందునకు సాగనిచ్చి, కొనలను వెనుక వదలెదరు. బండి త్రిప్పుటకు సందుండునట్లు కట్టుటలోనే నేర్పున్నది. కోళ్ళగంపయు బాతులబుట్టయు తమంత కదలుచుండును గనుక వాని కట్టు నలువైపుల నుండవలెను. తాటిచెట్ల వనములనుండి కల్లుకుండలు ఇరుప్రక్కల కొక్కెములకు వ్రేలాడుచు వచ్చెడివి. మంచినీటి కథ మరియొకటి: తీరగ్రామముల బావులు చాలచోట్ల ఉప్పనివి గనుక తియ్యనినీటికి దూరము పోవలసి వచ్చెడిది, ఇత్తడిబిందె సైకిలునకు బరువు, మట్టికుండ గతుకునకు పగులును. ప్లాస్టిక్ బిందె వచ్చిన పిమ్మటనే నాలుగేసి బిందెలు కట్టిన సైకిలు సాధ్యమై, ఆడువారి నడుముమీదనుండి ఆ భారములో కొంత మగవాని బండికి మారెను. 14.2 కిలోల గ్యాసు నింపిన సిలిండరు మొత్తము సుమారు 30 కిలోలు తూగును. దానికి తగిన కొక్కెము పాలక్యాను కొక్కెమునకు లావైన తోబుట్టువే.

సరకు మిక్కిలి హెచ్చినప్పుడు సైకిలు ఎక్కు వాహనము కాదు, నడిపించు వాహనము. 75 కిలోల వడ్లబస్తాను మిల్లునకు చేర్చువాడు దానిని క్యారియరు మీదనో, ఫ్రేము నడుమనో ఉంచి, ఒకచేత హ్యాండిలును, ఒకచేత బస్తాను పట్టి ప్రక్కన నడచును. ఈ పద్ధతికి ప్రపంచచరిత్రలో అత్యున్నత నిదర్శనము వియత్నాములో నున్నది: 1954లో డియన్ బియన్ ఫూ ముట్టడికి కావలసిన బియ్యమును, మందుగుండును అచటి ప్రజలు కొండదారులలో సైకిళ్ళపై చేర్చిరి, సీటునకు ఒక కర్రను, హ్యాండిలునకు ఒక వెదురును బిగించి నడిపించుచు, ఒక్కొక్కదానిపై 200 కిలోలకు పైబడి మోపిరి. నేటికిని జార్ఖండులో బొగ్గుబస్తాలను సైకిళ్ళమీద త్రోసికొని పోవు కూలీలది అదే విద్య, అంతకు మించిన యాయాసము.

భారత అంతరిక్షచరిత్రకును ఈ విషయముతో సంబంధము కలదు. 1963 నవంబరు 21న కేరళలోని తుంబానుండి తొలి రాకెట్టు ప్రయోగింపబడెను. ఆ దశాబ్దమున అచట రాకెట్టు ముక్కుభాగమును సైకిలు క్యారియరు మీద కొనిపోవుచుండగా హెన్రీ కార్టియే బ్రెసాన్ తీసిన ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. దానిని మన పేదరికమునకు చిహ్నముగా చూపుట పరిపాటి. నేను దానిని అట్లు చూడజాలను; సున్నితమైన వస్తువును కుదుపు లేకుండ స్వల్పదూరము చేర్చుటకు నడిపించు సైకిలుకన్న మెరుగైన సాధనము ఆ యిసుకదారిలో ఏమున్నది? తదుపరి ప్రయోగకేంద్రమునకు ఎన్నుకొనబడినది మన తీరపు శ్రీహరికోటయే. 1971 అక్టోబరు 9న అచటినుండి రోహిణి రాకెట్టు ఎగసినది. 2022లో ఆ ద్వీపము తిరుపతి జిల్లాలో చేరినది.

1980లో వచ్చిన టీవీఎస్ ఫిఫ్టీ మోపెడ్డు సైకిలు సామ్రాజ్యమును మెల్లగా కైవసము చేసికొనెను. దాని ముందు పలకమీద బస్తా, వెనుక చేపలపెట్టె, ప్రక్కల సంచులు. మొన్నటివరకు సైకిలునకు చేసిన కమ్మరియే దీనికిని ఇనుపచట్రము చేసియిచ్చెను. రొయ్యలగుంటలు విస్తరించి మేతబస్తాల రాకపోకలు పెరిగిన దశకములలో దూరపుపని మోపెడ్డుదై, దగ్గరిపని సైకిలుదై నిలిచెను. అటుపిమ్మట ఆటోలు వచ్చి, పలువురు కలిసి బాడుగ భరింపగల స్త్రీలకు చేపలగంపతో కూర్చుండు చోటును తుదకు చూపినవి.

పాత క్యారియరులు ఇప్పుడు తూకమునకు అమ్ముడుపోవుచున్నవి. వల్లములను, పడవలను, మగ్గములను వస్తుప్రదర్శనశాలలలో భద్రపరచుట యుక్తమని ఒప్పుకొను మనము, ఒక్కొక్క ఊరి అవసరమును ఇనుములో వ్రాసిన ఈ చట్రములను చెత్తగా పోనిచ్చుట మిక్కిలి శోచనీయము. కడ్డీలావు, పొడవు, కాళ్ళు బిగించిన తీరు, ఏ సరకునకై ఏ కొలిమిలో చేయించినది, ఎంత బరువు మోసినది మొదలైన వివరములను చేసినవారినోటను, మోసినవారినోటను విని వ్రాసికొనుటకు ఇంకను వ్యవధి కలదు. మైపాడు త్రోవ చేపలచట్రమును, ఇసుకపల్లి ఉప్పుచట్రమును, పాలవాని కొక్కెములను ప్రక్కప్రక్కన నిలిపి కొలుచు పనిని నెల్లూరులోని పాత ఇనుపసామానుల దుకాణములనుండియే ప్రారంభింపవచ్చును.