పోరుకథలయందు మనకేల ప్రీతి?

రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుడు క్రీ. శ. 1022వ సంవత్సరమున పట్టాభిషిక్తుడయ్యెను. ఆ సింహాసనము ఆయనకు సుఖముగా దక్కినది కాదు. సవతి సోదరుడైన విజయాదిత్యుడు పెక్కేండ్లు ఆయనతో పోరాడెను. నడుమ రాజ్యమును లాగికొనెను. పడమటినుండి కర్ణాట సైన్యములు వచ్చిపడుచుండెను. దక్షిణమునుండి మేనమామలగు చోళులు సాయము పంపుచుండిరి. కలిదిండియొద్ద జరిగిన యుద్ధమున ముగ్గురు చోళ సేనానులు కూలిరి. వారి జ్ఞాపకార్థము ఆ యూర మూడు శివాలయములు కట్టించితినని ఆ రాజే తన శాసనమున చెప్పుకొన్నాడు.

ఇట్టి ప్రభువు తీరికవేళ వినగోరిన కథ యేది? దాయాదులు రాజ్యమునకై పోరి కులమెల్ల నశించిన కథ. భారతము వినుట తనకెంతయు ప్రియమని చెప్పి, దానిని తెనుగున రచింపుమని నన్నయభట్టును కోరెను. మన ఆదికావ్యము ఈ గోదావరి యొడ్డున ఆ కోరికవలన పుట్టినది. తన యింటనే పోరు చూచినవాడు కథలోనైనను శాంతిని కోరవలదా? మరల పోరునే యేల కోరెను? విచిత్రమేమనగా, నన్నయ రచన అరణ్యపర్వమున నిలిచిపోయెను. కురుక్షేత్రము తెనుగునకు వచ్చుటకు రెండు శతాబ్దములు పట్టెను. దానిని తెచ్చినవాడు నెల్లూరి తిక్కన. యుద్ధకథ కోరిన రాజు ఆ యుద్ధమును తెనుగున వినకయే పోయెను.

శ్రోతలారా, నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే మూలము. ఇప్పుడు వీధిలో ఏ గోడ చూచినను నెత్తుటి కత్తి పట్టిన కథానాయకుని చిత్రమే కనబడుచున్నది. పిల్లలు చేతి ఫోనులలో వ్రేళ్ళతో మీటి నిమిషమునకు పదిమందిని పడగొట్టుచున్నారు. పెద్దలు దీనికి చలనచిత్రమును నిందించుచున్నారు. నేను నలుబదేండ్లు బడిపిల్లలకు పాఠము చెప్పినవాడను. ఆ నిందలో నేనును గొంతు కలిపినవాడనే. కాని చరిత్ర తరచి చూడగా, ఈ మక్కువ చలనచిత్రముకంటె చాల పాతదని తేలుచున్నది. పాతదగుటచేత మంచిదని నేననను. దానిలో రెండు పాయలున్నవి. ఆ రెంటిని విడదీసి చూపుటయే నా ప్రయత్నము.

మొదట నా బాల్యమునందలి ముచ్చట యొకటి విన్నవించెదను. కాకినాడ చెంతనున్న మాధవపట్నము తోలుబొమ్మలాటకు పేరుపడిన యూరు. 1968 ప్రాంతమున మా యూర పంట నూర్చిన పిదప బొమ్మలాట కట్టించిరి. మా మేనమామ నన్ను భుజముపై నెక్కించుకొని తీసికొనిపోయెను. తెల్లని తెర వెనుక దీపములు. తెరపై ఎఱ్ఱని, పచ్చని నీడలు. ఇంద్రజిత్తు బాణమునకు లక్ష్మణుడు మూర్ఛిల్లగా ఆడువారందరు ఇంద్రజిత్తును శాపనార్థములు పెట్టిరి. తెల్లవారుజామున ఆ యింద్రజిత్తు కూలెను. మేము పిల్లలము చప్పట్లు చఱచితిమి. అంతలో అతని భార్య సులోచన తెరపైకి వచ్చి శోకము మొదలిడెను. ప్రక్కకు తిరిగి చూచితిని: అంతకుముందు అతనిని తిట్టిన మా అమ్మమ్మ కొంగుతో కన్నులొత్తుకొనుచుండెను. “వాడు చెడ్డవాడు కదా అమ్మమ్మా” అంటిని. “అయితే మాత్రం, ఆవిడ మొగుడు కాడటరా” అని ఆమె నన్ను కసరెను. అలంకారశాస్త్రమున నాకు మొదటి పాఠము అదియే.

ఇక రంగస్థలమునకు వత్తము. చిలకమర్తి లక్ష్మీనరసింహము గారు రాజమండ్రిలో ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి నాటక సమాజముకొరకు 1889 ప్రాంతమున గయోపాఖ్యానము రచించిరి. నాడు విద్యార్థిగానుండిన టంగుటూరి ప్రకాశము ఆ సమాజమున వేషములు కట్టినవాడే. ఆ నాటకము లక్షకు మించిన ప్రతులు అమ్ముడుపోయినది. కథ యేమి? గయుడను గంధర్వుడు ఆకాశమున పోవుచు ఉమిసిన తాంబూలము, అర్ఘ్యమిచ్చుచున్న కృష్ణుని దోసిట పడెను. కృష్ణుడు వానిని చంపుదునని ప్రతిజ్ఞ పట్టెను. అర్జునుడు విషయ మెఱుగకయే వానికి అభయమిచ్చెను. ప్రాణమిత్రులిద్దరు విండ్లెక్కుపెట్టిరి. ఇంత సంరంభమునకు చివర సంధియే ఫలము. జనులు అర్ధరాత్రివరకు మేలుకొని చూచినది కత్తిదెబ్బను కాదు. ఇచ్చిన మాటకును చిరకాల స్నేహమునకును నడుమ నలిగిపోవు మనుష్యుని.

తిరుపతి వేంకటకవుల భారతనాటకములను తలచికొనుడు. వారిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు మన గోదావరి మండలమున కడియమున పుట్టినవారు. కురుక్షేత్రమను పేర ఆ పద్యములు ఆడని యూరు లేదు. ఆ యాటలో జనులు నటుని నిలువరించి “ఒన్సుమోరు” అని కేకలు వేయు ఘట్టమేది? దుర్యోధనుని తొడ విఱుగు ఘట్టమా? కాదు, కృష్ణ రాయబారము. పదునెనిమిది అక్షౌహిణుల చావును కథగా పెట్టుకొని, మన పల్లెవాడు మరల మరల వినగోరినది ఆ చావును ఆపుటకు జరిగిన చివరి యత్నమును! అది ఫలింపదని వానికి తెలియును. తెలిసియు ఈసారియైనను ఫలించునేమో యని యాసతో వినును.

చరిత్రయందు దీనికి మఱింత స్ఫుటమైన నిదర్శన మొకటి కలదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు విజయరామరాజును కలిసి బొబ్బిలికోటను ముట్టడించిరి. కోట నిలువదని తెలిసి లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపుకొని, పిదప పోరాడి మడిసిరి. తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారమున జొరబడి ఆయనను చంపెను. ఆయన తరువాత వచ్చిన ఆనందగజపతి ఫ్రెంచివారిపై కినిసి ఇంగ్లీషువారిని పిలిచెను. వంగదేశమునుండి క్లైవు కర్నలు ఫోర్డును పంపెను. 1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపమున చందుర్తియొద్ద యుద్ధము జరిగెను. కాన్‌ఫ్లాన్సు నాయకత్వమున నున్న ఫ్రెంచివారు ఓడి రాజమండ్రిని విడిచి పాఱిరి. మఱుసటి యేట బందరును పోయెను. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యము తొలగి, ఇంగ్లీషువారికి త్రోవ తెఱచిన పోరు అది.

ఈ రెంటిలో దేశచరిత్రను మార్చినది చందుర్తియే. అది మన నేలపైనే జరిగినది. అయినను బుఱ్ఱకథలలో పాడినది బొబ్బిలిని. 1964లో చలనచిత్రము తీసినది బొబ్బిలిపై. చందుర్తినిగూర్చి మా పల్లెలలో ఒక్క పాట నేను వినలేదు. జనులు రక్తమునకే ఆశపడువారైనచో చందుర్తిలో రక్తమునకు కొఱతయా? ఉభయపక్షముల సిపాయిలు, జమీందారు బంటులు వందలుగా పడిరి. కాని వారెవ్వరు? దేనికై పడిరి? వారి పేరు చెప్పి యేడ్చినవారెవ్వరు? రెండు పరదేశపు వర్తక సంఘముల లెక్కలకొరకు పడినవారికి కథ లేకపోయినది. బొబ్బిలిలో పడినవారికి పేర్లున్నవి, ఇండ్లున్నవి, మాట కలదు. చచ్చినవాడు ఎవడో తెలిసిననాడే మనకు కథ కావలసివచ్చుచున్నది.

ఇంతవరకు మన మక్కువలోని మంచి పాయను చెప్పితిని. ఇక రెండవదానిని దాచుట న్యాయము కాదు.

సంక్రాంతి మూడునాళ్ళు మన డెల్టాలో కోడిపందెములు జరుగునని మీకు నేను చెప్పనక్కఱలేదు. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, 1974 నాటి జూదముల చట్టము దీనికి అడ్డుగానున్నవి; 2016లో ఉన్నత న్యాయస్థానము గట్టిగా ఆజ్ఞాపించినది. అయినను పందెములు ఆగలేదు. పందెగాండ్రకు కుక్కుటశాస్త్రమొకటి కలదు. డేగ, కాకి, నెమలి యని రంగులను, దిక్కులను, వేళలను చూచి కోడిని దింపుదురు. కాలికి కత్తి కట్టుదురు. నిమిషములలో ఒకటి కూలును.

నాకు పదేండ్లపుడు, నన్ను బొమ్మలాటకు మోసికొనిపోయిన ఆ మేనమామయే నన్ను బరికిని తీసికొనిపోయెను. మొదటి కోడి నెత్తురు చిమ్మినపుడు కన్నులు మూసికొంటిని. అంతలో చుట్టునున్నవారందరు ఒక్కపెట్టున అఱచిరి. ఆ కేకకు కన్నులు తెఱచితిని. తెఱచి నేనును అఱచితిని. పెద్దయిన పిదప నొక గ్రంథమున ఇట్టి కథయే చదివి నివ్వెఱపోయితిని. నాలుగవ శతాబ్దమున రోమునగరములో అలీపియసు అను యువకుని మిత్రులు ఖడ్గమల్లుల పోరునకు లాగికొనిపోయిరట. చూడనని కన్నులు మూసి కూర్చున్నవాడు, జనుల కేక విని తెఱచెనట. ఆనాటినుండి దానికి దాసుడయ్యెనట. ఆయన మిత్రుడు అగస్టీను తన ఆత్మకథలో దీనిని వ్రాసియున్నాడు. ఊరు వేఱు, కాలము వేఱు, కేక యొక్కటియే.

బరిలో ఒక విషయము గమనించితిని. అక్కడ కోడిని చూచువారు తక్కువ. ఒకరి చేతిలోని నోట్లను ఒకరు, ఒకరి మొగమును ఒకరు చూతురు. పైపందెములు కాయువారికి ఏ కోడి యెవరిదో కూడ పట్టదు. ఓడిన కోడిని కోజ యందురు. అది సాయంకాలమునకు కూర. దానికి సులోచన లేదు. మా మేనమామ ఆ యేడు అరయెకరము పోగొట్టుకొనెను, మఱుసటి యేడు మిగిలినది పోగొట్టుకొనెను. మా అత్తయ్య పరుల పొలములో నాట్లకు పోవుట నేను చూచితిని. ఆమె యేడుపును ఏ బరియు వినలేదు.

కోడిపందెమునకును వీరకథకును చుట్టరికము లేదనరాదు. పలనాటి యుద్ధమునకు మూలము బ్రహ్మనాయుని, నాగమ్మల కోడిపందెమే. రాజమహేంద్రవరపు రెడ్ల ఆస్థానమున వెలిగిన శ్రీనాథుడే ఆ కథను ద్విపదగా పాడెనని ప్రసిద్ధి. కాని నేటికిని కారెంపూడిలో కార్తికమున జరుగు వీరుల యుత్సవమును చూడుడు. ఆ యైదునాళ్ళలో రాయబారమునకొక దినము, కోడిపోరునకొక దినము. మందపోరునాడు అన్ని కులములవారును కలిసి చాపకూడు భుజింతురు. వీరుల యాయుధములకు పూజ జరుగును. పందెమువలన కలిగిన నాశనమును ఆ యూరు ఎనిమిది శతాబ్దములుగా తద్దినమువలె పెట్టుచున్నది. మన బరిలో తద్దినము లేదు. విందు మాత్రము కలదు.

మన లాక్షణికులు ఈ భేదమును ఎఱిగియేయుండిరి. యుద్ధమును, మరణమును అంకమున ప్రత్యక్షముగా చూపరాదని భరతుడు నియమించెను. కరుణరసము దుఃఖమే యైనచో దానివైపు ఎవ్వరును పోరు గదా, పోవుచున్నారనగా అందానందమున్నదని సాహిత్యదర్పణకారుడగు విశ్వనాథుడు వాదించెను. అభినవగుప్తుడు చెప్పిన సాధారణీకరణము ఇదియే: రంగమునందలి శోకము వానిది కాదు, నాది కాదు, అందఱిదియు. అమ్మమ్మ శత్రువునకై యేడ్చినపుడు జరిగినది అది. బరిలో జరుగనిది అది.

వీరకథలన్నియు నిర్దోషములని నా వాదము కాదు. పగను పెంచిన పాటలును కలవు. పాపారాయుని కత్తి చందుర్తికి త్రోవ తీసెనని యిప్పుడే చెప్పితిని. కాని పేరు గల చావు మనచేత ఆలోచింపజేయును. పేరు లేని చావు అలవాటగును.

మొన్న మా మనుమడు ఫోనులో ఆడుచుండగా ప్రక్కన కూర్చుండి, “ఇప్పుడు పడిపోయినవాడి పేరేమిటిరా” అని యడిగితిని. “వాళ్ళకి పేర్లుండవు తాతయ్యా, వస్తూ ఉంటారంతే” అనెను. ఫోను లాగికొనలేదు, లాగికొన్నచో అది మఱింత తీపియగును. ఆ రాత్రి వానికి ఇంద్రజిత్తు కథ చెప్పితిని. సులోచన వఱకు వచ్చుసరికి వాడు, “వాళ్ళమ్మకి చెప్పారా” అని యడిగెను. మండోదరికి ఎవరు చెప్పిరో నాకు తోచలేదు. రేపు చెప్పెదనంటిని.

రాజరాజనరేంద్రుడు కలిదిండిలో పడినవారికి గుడులు కట్టించెను. రాజమహేంద్రవరమున భారతము చెప్పించుకొనెను. ఆ రెండు పనులును ఒక్కటియేయని నాకు తోచుచున్నది. నెత్తురు చూచినవాడు చచ్చినవారి పేర్లు మఱువకుండుటకే కథను కోరెను. మీ పిల్లలు పోరుకథ కోరినచో కాదనకుడు. కూలినవాని పేరుతో కూడ చెప్పుడు.