అర్థరహిత అక్షరాల నుంచి కథ దాకా: జ్ఞాపక ప్రయోగాలలో పాఠ్యం స్థానం

పాఠక ప్రతిస్పందన, మౌఖిక సంప్రదాయం, అవధాన ధారణ వంటి అంశాలపై పనిచేసే తెలుగు పరిశోధకులు ఏదో ఒక దశలో మనోవిజ్ఞాన శాస్త్రం వైపు చూడక తప్పదు. ప్రశ్నావళులు, శాతాల పట్టికలు మన సిద్ధాంత గ్రంథాలకు కొత్తవి కావు. గణాంక పరీక్షలు కూడా ఇప్పుడిప్పుడే వచ్చి చేరుతున్నాయి. అయితే చరం, నియంత్రణ, యాదృచ్ఛికత, సార్థకత అనే ఈ పరిభాష అంతా ఒకే చోట, ఒకే కాలంలో పుట్టింది కాదు. ఒక్కో భావన ఒక్కో చిక్కును విప్పడానికి వచ్చింది. ఆ చిక్కు ఏమిటో తెలియకుండా పరీక్షను మాత్రం అరువు తెచ్చుకుంటే అంకెలు మిగులుతాయి గాని నిర్ధారణ మిగలదు. 1885 నుంచి 1973 వరకు జ్ఞాపకంపై జరిగిన కొన్ని ప్రయోగాలను ఈ వ్యాసం ప్రధానంగా ఒక ప్రశ్నతో పరిశీలిస్తుంది. ప్రయోగంలో పాల్గొన్న మనుషులను లెక్కపెట్టినట్టు, వారికి ఇచ్చిన పాఠ్యాలను కూడా లెక్కపెట్టారా?

అర్థాన్ని తొలగించిన ప్రయోగం

హెర్మన్ ఎబింగ్‌హాస్ జ్ఞాపకంపై రాసిన గ్రంథం 1885లో వెలువడింది. ఆ ప్రయోగాలలో పాల్గొన్న వ్యక్తి ఆయన ఒక్కడే. రెండు హల్లుల మధ్య ఒక అచ్చును పెట్టి సుమారు 2300 అర్థరహిత అక్షరాలను తయారుచేసుకుని, వాటిని వరుసలుగా కూర్చి, తప్పు లేకుండా అప్పజెప్పేవరకు చదివేవాడు. చదివే వేగాన్ని నిమిషానికి 150 అక్షరాలుగా స్థిరపరచుకున్నాడు. రోజులో ఒకే సమయానికి కూర్చోవడం, గొంతు హెచ్చుతగ్గులు ఒకే తీరులో ఉంచుకోవడం, దినచర్య మార్చకపోవడం వంటి నియమాలు పెట్టుకున్నాడు.

నేటి పరిభాషలో చెప్పాలంటే, ఇక్కడ ప్రయోగకర్త కావాలని మార్చినవి వరుస పొడవు, పఠనాల సంఖ్య, రెండు అభ్యాసాల మధ్య వ్యవధి. ఇవి స్వతంత్ర చరాలు. వాటి ప్రభావం వల్ల మారిందా లేదా అని కొలిచినది, అంటే తిరిగి నేర్చుకోవడానికి పట్టిన కాలం, పరతంత్ర చరం. మొదటిసారి వెయ్యి సెకన్లు పట్టిన వరుసకు రెండోసారి 660 సెకన్లు చాలినట్లయితే 34 శాతం ఆదా అయినట్టు లెక్క. మరిచిపోయామనుకున్న దానిలోనూ కొంత లోపల నిలిచి ఉంటుందని చూపిన ఈ కొలమానం ఆయన ప్రతిభకు గొప్ప నిదర్శనమని నా అభిప్రాయం. ఒక్కొక్కటి 13 అక్షరాలుండే ఎనిమిది వరుసలతో 163 జంట పరీక్షలు చేసి ఆయన పొందిన ఫలితాలు సుప్రసిద్ధం. ఇరవై నిమిషాల తర్వాత ఆదా 58 శాతం, ఒక రోజు తర్వాత 34, ముప్పై ఒక్క రోజుల తర్వాత 21 శాతం. 2015లో ముర్రె, డ్రోస్ అనే ఇద్దరు పరిశోధకులు, మళ్లీ ఒకే వ్యక్తితో, ఈ ప్రయోగాన్ని పునరావృతం చేసి దాదాపు అదే వక్రరేఖను పొందారు.

అర్థం లేని అక్షరాలనే ఎందుకు ఎంచుకున్నాడన్నది సాహిత్య విద్యార్థికి ముఖ్యమైన విషయం. పద్యానికీ వచనానికీ అర్థం, లయ, పూర్వపరిచయం, ఇష్టాయిష్టాలు తోడవుతాయి. ఒక పంక్తి సులువుగా నిలిచి, మరొకటి నిలవకపోతే కారణం ఏదో చెప్పలేం. అందువల్ల భాషలోని భాషాత్వాన్నే తీసివేశాడు. (ఈ పద్ధతిని యథాతథంగా తెలుగులోకి తేవడం కుదరదు. అజంత భాషలో హల్లుతో ముగిసే ధ్వనిఖండం అర్థరహితమే కాదు, అపరిచితం కూడా అవుతుంది. రెండక్షరాల కూర్పులు తీసుకుంటే వాటిలో చాలా వాటికి ఏదో ఒక అర్థం ఉండనే ఉంటుంది.)

పోల్చి చూడడానికి ఎబింగ్‌హాస్ బైరన్ రాసిన 'డాన్ జువాన్' కావ్యంలోని చరణాలను కూడా కంఠస్థం చేశాడు. సుమారు 80 అక్షరాలున్న చరణానికి తొమ్మిది లోపు పఠనాలు చాలాయి. అంతే పొడవున్న అర్థరహిత వరుసకు 70 నుంచి 80 పఠనాలు కావలసి ఉంటాయని ఆయన అంచనా. అంటే శ్రమ పదో వంతుకు తగ్గింది. ఈ పదో వంతు ఏ గుణం వల్ల వచ్చిందో మాత్రం ప్రయోగం చెప్పదు. చరణంలో అర్థం ఉంది, ఛందస్సు ఉంది, అంత్యప్రాస ఉంది. మూడూ ఒకేసారి మారాయి. ఇలా కలగలిసిన కారణాలను ఎంత పెద్ద లెక్కా విడదీయలేదు. ప్రయోగాన్ని రూపొందించేటప్పుడే విడదీయాలి.

చీట్ల పేక, నిద్ర మందు, తేనీటి కప్పులు

అదే 1885లో అమెరికాలో చార్లెస్ శాండర్స్ పియర్స్, జోసెఫ్ జాస్ట్రో అతి స్వల్పమైన ఒత్తిడి భేదాలను మనిషి గుర్తించగలడా అనే విషయంపై తమ పరిశోధనను ప్రచురించారు. ఏ బరువు ముందు, ఏది తర్వాత అనే వరుసను ప్రయోగకర్త ఇష్టానికి వదలకుండా చీట్ల పేకను కలిపి, తీసిన ముక్కను బట్టి నిర్ణయించారు. మనిషి మనసు తనకు తెలియకుండానే ఒక క్రమాన్ని అల్లుతుంది; పాల్గొనేవాడు ఆ క్రమాన్ని పసిగడతాడు. పేక ముక్కకు అలాంటి ఉద్దేశం లేదు. యాదృచ్ఛికీకరణను ప్రయోగంలో భాగం చేసిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

గణాంక పరీక్ష మరో దారిన వచ్చింది. డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కర్మాగారంలో పనిచేసిన విలియం గాసెట్ 1908లో 'స్టూడెంట్' అనే కలంపేరుతో ఒక వ్యాసం ప్రచురించాడు. పరిశీలనలు కొద్దిగా ఉన్నప్పుడు సగటును ఎంతవరకు నమ్మవచ్చన్నది ఆయన సమస్య. ఈనాటి టి-పరీక్షకు మూలం అదే. అందులో ఆయన ఇచ్చిన మొదటి ఉదాహరణ సారాయి బట్టీకి సంబంధించినది కాదు, నిద్రకు సంబంధించినది. పదిమంది రోగులకు రెండు మందులు వేర్వేరు రోజుల్లో ఇచ్చినప్పుడు అదనంగా పట్టిన నిద్ర ఎంత? ఒక మందుకు సగటున 0.75 గంటలు, రెండో మందుకు 2.33 గంటలు. ప్రతి రోగినీ అతనితోనే పోల్చడం వల్ల, సహజంగా ఎక్కువ నిద్రపోయేవారు, తక్కువ నిద్రపోయేవారు అనే భేదం లెక్కలోంచి తొలగిపోయింది. ఈ వ్యాసంలో గాసెట్ మందుల పేర్లను పొరపాటుగా రాశాడని తర్వాతివారు గుర్తించారు. పేర్లు తప్పినా లెక్క సరిగానే నడిచింది. తన ముందున్న అంకెలు వేటికి సంబంధించినవో గణాంక పరీక్షకు తెలియదన్న మాట ఇంతకంటే సూటిగా మరెక్కడా కనబడదు.

రోనాల్డ్ ఫిషర్ 1935లో ప్రచురించిన ప్రయోగ రూపకల్పన గ్రంథం ఈ రెండు దారులనూ కలిపింది. కప్పులో ముందు పాలు పోశారో, తేనీరు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒక మహిళ మాటను పరీక్షించడం అందులోని ప్రసిద్ధ ఉదాహరణ. ఎనిమిది కప్పులు, నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు తేనీరు. వాటిని యాదృచ్ఛికంగా అందించాలి. ఎనిమిదింటిలో నాలుగింటిని ఎంచుకోవడానికి 70 మార్గాలున్నాయి. ఆమెకు ఏ నేర్పూ లేదనుకుంటే, అంటే శూన్య ప్రాకల్పన నిజమైతే, అన్నీ సరిగ్గా చెప్పే అవకాశం డెబ్బైలో ఒక వంతు. కప్పులను కలిపి ఇవ్వకపోతే ఈ 70 అనే సంఖ్యకే అర్థం లేదు. పరీక్ష బలం సూత్రంలో లేదు, కప్పులను కలపడంలో ఉంది.

ఇక్కడ మనవారి సంబంధం కూడా ఒకటి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరి, ఆ తర్వాత కేంబ్రిడ్జిలో ఫిషర్ పర్యవేక్షణలోనే 1948లో డాక్టరేట్ పొందారు. మనోవిజ్ఞానంలో 'స్వతంత్ర చరం', 'పరతంత్ర చరం' అనే జంట పదాలు స్థిరపడటానికి మాత్రం రాబర్ట్ వుడ్‌వర్త్ 1938లో వెలువరించిన పాఠ్యగ్రంథం ఎంతో తోడ్పడింది. ఒక్క చరాన్ని మార్చి, తక్కినవన్నీ కదలకుండా ఉంచడమే ప్రయోగమన్న నిర్వచనం ఆ పుస్తకంతో తరగతి గదుల్లోకి వెళ్లింది.

బార్ట్‌లెట్ కథ

ఎబింగ్‌హాస్ తీసివేసిన అర్థాన్ని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ తిరిగి తెచ్చాడు. కేంబ్రిడ్జిలో ఆయన చేసిన ప్రయోగాల వివరాలలో కొంత భాగం 1920లో మనోవిజ్ఞాన పత్రికలో కాక జానపద విజ్ఞాన పత్రిక 'ఫోక్‌లోర్'లో వచ్చిందన్న సంగతి మన పరిశోధకులు గమనించదగ్గది. 1932 నాటి 'రిమెంబరింగ్' గ్రంథంలో అవి పూర్తిరూపంలో కనిపిస్తాయి. ఆయన ఎంచుకున్న కథ 'దయ్యాల యుద్ధం'. ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు కాథ్లమెట్ ప్రజల నుంచి ఫ్రాంజ్ బోయస్ సేకరించిన కథను ఆయన కొద్దిగా మార్చుకున్నాడు. ఇద్దరు యువకులు సీళ్ల వేటకు నది దగ్గరికి వెళతారు. పడవల మీద వచ్చినవారితో ఒకడు యుద్ధానికి వెళతాడు. గాయపడ్డా నొప్పి తెలియదు. వారు దయ్యాలని అనుకుంటాడు. ఇంటికి వచ్చి జరిగింది చెప్పి, సూర్యోదయ వేళ నోటి నుంచి ఏదో నల్లనిది వెలువడగా చనిపోతాడు. ఆంగ్ల విద్యావంతుడికి ఇందులోని సంఘటనల మధ్య సంబంధం సులభంగా దొరకదు. అందుకే దాన్ని ఎంచుకున్నానని బార్ట్‌లెట్ చెప్పాడు.

ఇరవైమంది, అంటే ఏడుగురు స్త్రీలు, పదముగ్గురు పురుషులు, కథను రెండుసార్లు చదివి, పావుగంట తర్వాత మొదటిసారి రాశారు. తర్వాత వీలు చిక్కినప్పుడల్లా మళ్లీ రాశారు. ఒకరి విషయంలో ఆ వ్యవధి ఆరున్నర సంవత్సరాలు. 'కనూ' అనే స్థానిక పడవ మామూలు 'బోటు' అయింది. సీళ్ల వేట చేపలు పట్టడమైంది. దయ్యాల ప్రస్తావన జారిపోయింది లేదా సహేతుకంగా మారింది. జ్ఞాపకం నిల్వ గది కాదనీ, పాఠకుడు తన సంస్కృతిలోని చట్రాలతో కథను తిరిగి కట్టుకుంటాడనీ బార్ట్‌లెట్ నిర్ధారించాడు. మౌఖిక కథల పాఠాంతరాలను చర్చించే వారికి ఈ వాదం సహజంగానే ఆకర్షణీయం.

కాని ప్రయోగంగా చూస్తే లోపాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. వ్యవధులు అందరికీ ఒకటి కావు. మార్పులను లెక్కించే నియమం లేదు. గణాంక పరీక్ష అసలే లేదు. ఉన్నదున్నట్టు రాయాలని గట్టిగా చెప్పారా, కథ చెప్పమన్నారా అన్నదీ స్పష్టం కాదు. ఇది చిన్న విషయం కాదని 1967లో గాల్డ్, స్టీఫెన్‌సన్ చూపారు. కచ్చితత్వం ముఖ్యమని గట్టిగా సూచించినప్పుడు కల్పనలు బాగా తగ్గాయి. అంటే బార్ట్‌లెట్ చూసినదానిలో కొంత భాగం జ్ఞాపకం చేసిన మార్పు కాదు, కథ చెప్పేవాడు తెలిసి చేసిన పూరణ. మన జానపద గాయకుడి నుంచి ఒక గాథను రెండుసార్లు సేకరించి తేడాలు పట్టిక వేసేటప్పుడు, ఆయనను ఏమని అడిగామన్నది ఎందరు నమోదు చేస్తున్నారు? 1999లో బెర్గ్‌మన్, రోడిగర్ అదే కథతో, పావుగంట, వారం, ఆరు నెలలు అనే స్థిరమైన వ్యవధులతో ప్రయోగం చేసి, కాలం గడిచేకొద్దీ గుర్తున్న అంశాలలో వక్రీకరణల పాలు పెరుగుతుందని కనుగొన్నారు. బార్ట్‌లెట్ చెప్పినది నిలిచింది. దాన్ని నిలబెట్టింది మాత్రం ఆయన ప్రయోగ రూపకల్పన కాదు.

పాఠ్యం కూడా నమూనాయే

మూడు ప్రయోగాలలోనూ మిగిలిపోయిన ప్రశ్న ఒకటుంది. అదే కథతో వెయ్యిమందిని పరీక్షించినా కథల సంఖ్య ఒకటే కదా! 1973లో హెర్బర్ట్ క్లార్క్ భాషా ప్రయోగాలపై చేసిన విమర్శ సరిగ్గా దీని మీదనే. పరిశోధకులు మనుషులను జనాభా నుంచి తీసిన నమూనాగా భావించి, పదాలనూ వాక్యాలనూ మాత్రం స్థిరమైనవిగా భావించారు. అయితే నిర్ధారణలు రాసేటప్పుడు 'నామవాచకాలు', 'వాక్యాలు' అంటూ మొత్తం భాషకు వర్తింపజేశారు. వేరే మనుషులతో చేసినా ఇదే ఫలితం వస్తుందా అన్న ప్రశ్నకు పరీక్ష సమాధానమిచ్చింది గాని, వేరే పదాలతో చేస్తే వస్తుందా అన్నదానికి ఇవ్వలేదు. క్లార్క్ తర్వాత మనుషుల పరంగా ఒకసారి, భాషాంశాల పరంగా ఒకసారి విశ్లేషించడం ఆచారమైంది. 2008లో బాయెన్, డేవిడ్సన్, బేట్స్ ఈ రెండు రకాల వైవిధ్యాన్నీ ఒకే నమూనాలో చేర్చే మిశ్రమ ప్రభావాల విశ్లేషణను ప్రచారంలోకి తెచ్చారు.

పాఠక ప్రతిస్పందన పరిశోధనలో ఒక కథను రెండు వందలమందికి ఇచ్చి, స్త్రీ పాఠకులకూ పురుష పాఠకులకూ మధ్య సార్థకమైన భేదం ఉందని తేల్చినప్పుడు, ఆ భేదం ఆ ఒక్క కథకు చెందినది. 'స్త్రీవాద కథ'కు చెందినదని రాయడానికి ఆధారం లేదు. పాఠకుల సంఖ్యను రెట్టింపు చేసినా ఆ ఆధారం రాదు.

తెలుగు ఛందస్సు ఈ విషయంలో ఒక అరుదైన అవకాశం ఇస్తున్నది. ద్విపదకూ మంజరీ ద్విపదకూ గణాలు ఒకటే: ప్రతి పాదంలో మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. యతిస్థానమూ ఒకటే. ద్విపదలో ప్రాస ఉంటుంది, మంజరిలో ఉండదు. ఎబింగ్‌హాస్ బైరన్ చరణాలలో విడదీయలేకపోయిన గుణాన్ని మన లాక్షణికులు విడదీసే ఉంచారు. అయితే 'బసవపురాణం' నుంచి కొన్ని ద్విపదలు, 'పల్నాటి వీరచరిత్ర' నుంచి కొన్ని మంజరులు తీసి పోల్చకూడదు. కథ, కాలం, పదజాలం అన్నీ మారతాయి. ఒకే భావాన్ని రెండు రూపాలలోనూ కొత్తగా కూర్చాలి. అక్కడా ఒక చిక్కుంది. ప్రాస కుదరడం కోసం అరుదైన పదం వచ్చి పడుతుంది. అప్పుడు గుర్తుండటానికో, ఉండకపోవడానికో కారణం ప్రాసా, పదం అరుదుదనమా అన్నది తేలదు. కాబట్టి రెండు రూపాలలోనూ పదాల వాడుక సమంగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఒకే భావం రెండు రూపాల్లోనూ ఒకే వ్యక్తికి వినిపించకూడదు. సగం ద్విపదలు ప్రాసతో, సగం ప్రాస లేకుండా ఒక బృందానికి, వాటి తారుమారు రూపాలు రెండో బృందానికి ఇవ్వాలి. ఎవరు ఏ బృందంలో అన్నది చీట్లు వేసి తేల్చాలి. రాగం ప్రభావం చూపకుండా ఒకే గొంతుతో, ఒకే తీరులో చదివించి వినిపించాలి. వారం తర్వాత సరిగా అప్పజెప్పిన పదాల సంఖ్యను శ్రోతల పరంగానూ, పద్యాల పరంగానూ విశ్లేషించాలి. రెండో విశ్లేషణకు రెండు మూడు పద్యాలు చాలవు, పదుల సంఖ్యలో కావాలి. ఫలితం ఎటు వచ్చినా అది ద్విపదకు సంబంధించినదే. ఉత్పలమాలలోనో కందంలోనో ప్రాస అదే పని చేస్తుందా అన్నది వేరే పద్యాలతో, వేరుగా చేయవలసిన ప్రయోగం.