పాత యాంప్లిఫయర్ - ఒక చారిత్రక ఆధారం

శాసనాలు, తాళపత్రాలు, నాణేలు చరిత్రకు ఆధారాలని ఇంతకుముందు చదువుకున్నాం. మన ఊళ్లలో మూలపడిన వాల్వుల యాంప్లిఫయర్ కూడా అటువంటిదే. చిత్తూరు ప్రాంతపు పల్లెల్లో ధర్మరాజు గుడుల దగ్గర జరిగే భారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి. మైకుసెట్టు రాకముందు కథకుడి గొంతు వినిపించినంత దూరమే సభ. మైకు ఆ హద్దును చెరిపివేసింది.

అటువంటి సెట్టును ఇప్పుడు ఆన్ చేస్తే పాటకన్నా ముందు గుయ్యిమనే మోత వినిపించవచ్చు. దీనికి తరచుగా కారణం పవర్ సప్లైలోని కెపాసిటర్లు. మెకానిక్కులు వీటిని కండెన్సర్లంటారు. మనకు సరఫరా అయ్యే ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. పూర్ణతరంగ రెక్టిఫయర్ దాన్ని ఏకముఖంగా మార్చినా సెకనుకు 100 ఎగుడుదిగుళ్లు మిగులుతాయి. వాటిని చదును చేసేది కెపాసిటర్. 1745-46లో యూరప్‌లో కనుగొన్న లేడెన్ జాడీ దీనికి పూర్వరూపం. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌లో అల్యూమినియం రేకుపై సన్నని ఆక్సైడు పొర, దానికి ఆనుకొని రసాయన ద్రవం ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ద్రవం ఎండిపోయి మోత పెరుగుతుంది. పొర చెడితే కరెంటు లీకై రెక్టిఫయర్ వాల్వు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

కొత్తది వేసేటప్పుడు వోల్టేజి పరిమితి పాతదానికన్నా తగ్గకూడదు. 32 మైక్రోఫారడ్‌ల చోట 33 సరిపోతుంది. మరీ పెద్దది వేస్తే రెక్టిఫయర్ వాల్వుపై భారం పడుతుంది. ధన, రుణ ధ్రువాలు తారుమారు కాకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్‌లో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. అందువల్ల ఇది అనుభవజ్ఞుడైన మెకానిక్కే చేయవలసిన పని.

ఇక్కడ చరిత్రకారునికి ఒక చిక్కు ఎదురవుతుంది. పాత భాగాన్ని తీస్తే ఆధారం పోతుంది. తీయకపోతే ధ్వని పోతుంది. తిరుమల సంకీర్తన భాండాగారంలోని రాగిరేకులు అన్నమాచార్యుల పదాలను, రాగాల పేర్లను కాపాడాయి. బాణీలను కాపాడలేకపోయాయి. అందుకే 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు ఎన్నో కీర్తనలను కొత్తగా స్వరపరచవలసి వచ్చింది. అక్షరం మిగిలినంత మాత్రాన ధ్వని మిగలదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

కాబట్టి కెపాసిటర్లను మార్చడమే మేలు. అయితే ముందు ఫోటో తీయాలి. పాత భాగాలపై ఉన్న అంకెలు, మార్చిన తేదీ రాసి పెట్టాలి. తీసిన భాగాలను పారవేయక సెట్టుతోపాటే భద్రపరచాలి. అప్పుడు యంత్రం పలుకుతుంది, ఆధారమూ నిలుస్తుంది.

అభ్యాసం: మీ ఊరిలో మైకుసెట్టు అద్దెకిచ్చిన పెద్దవారిని కలిసి, వారు చెప్పిన వివరాలను ఒక పేజీలో రాయండి.