చెదలు సాగుచేసే గొడుగు

తొలకరి గట్టిగా కురిసిందంటే హైదరాబాద్‌లో అడిక్‌మెట్ నుంచి ఉస్మానియా క్యాంపస్ వైపు పొద్దున్నే నడిచేవాళ్లు కెమెరా వెంట ఉంచుకోవాలి. పాత పుట్టల పక్కన గొడుగులు లేచే కాలమిది. ఎండ ముదిరితే వడలిపోతాయి.

ఉరుములకు మొలుస్తుందని పెద్దలు చెప్పే ఈ పుట్టగొడుగు నిజానికి చెదపురుగుల పంట. అవి ఎండుటాకులు, పుల్లలు తిని, ఆ విసర్జనతోనే పుట్ట లోపల స్పాంజిలాంటి తట్టలు కట్టి వాటిమీద బూజు పెంచుతాయి. పుల్లల్లో తమకు అరగని పదార్థాన్ని ఆ బూజు అరిగిస్తే దాన్ని తింటాయి. వానలకు ఆ బూజే నేలను చీల్చుకుని గొడుగు విప్పుతుంది. ఈ సాగు ఆఫ్రికాలో సుమారు 3 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. టాంజానియాలో దొరికిన తట్టల శిలాజాల వయసే రెండున్నర కోట్ల ఏళ్లని 2016లో తేల్చారు.

ఈ సాగును శాస్త్రానికి ఎక్కించింది దక్షిణాది నేలే. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1768లో తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. తంజావూరు పుట్టలు తవ్వి చూసి, లోపలి బూజు గురించి 1779లో రాశాడు. 1785లో కలకత్తా వెళుతూ దారిలో రక్తవిరేచనాల పాలై, సామర్లకోటలో ఉన్న వైద్యుడు, వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ వైద్యం చేసినా దక్కక కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. మన తీరంలో కలిసిపోయిన ఆయన్ని మనం ఇంత మరిచిపోవడం బాధాకరం. ఈ పుట్టగొడుగుల ప్రజాతికి టెర్మిటోమైసిస్ అన్న పేరు 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ పెట్టాడు. ఆయన పేరుమీదే శాస్త్రవేత్త నటరాజన్ 1979లో దక్షిణ భారతపు రకాన్ని టెర్మిటోమైసిస్ హైమీ అన్నారు.

ఈ గొడుగును గుర్తించాలంటే పైనుంచి తీసిన ఫొటో చాలదు. నేలకు ఆనుకుని కూర్చుని టోపీ నడిమి మొన, అడుగు రేకలు, కాడ మీది ఉంగరం, మొలిచిన చోటు తీయాలి. మట్టి కాస్త తొలిస్తే కాడ వేరులా సన్నబడి తట్ట దాకా దిగడం కనిపిస్తుంది. ఒక టోపీని తెల్లకాగితం మీద బోర్లించి, గిన్నె మూసి రాత్రంతా ఉంచితే పొడి రాలుతుంది. చెదలు పెంచే పుట్టగొడుగుదైతే లేత గులాబీ. పచ్చిక బయళ్లలో మొలిచే పెద్ద తెల్ల గొడుగు క్లోరోఫిల్లమ్‌ది ఆకుపచ్చ. దాన్ని తింటే వాంతులు, విరేచనాలు తప్పవు. లేతప్పుడు దాని రేకలూ తెల్లగానే ఉంటాయి.

అందుకే నా మనవి ఒక్కటే: ఎంత చక్కగా వచ్చినా, ఫొటో చూసి గొడుగును కూరకు కోయకండి.