కత్తెర కంటే ముందు

గోదావరిఖనిలో సినిమా చూడటం షిఫ్టుల లెక్క ప్రకారం నడుస్తుంది. ఫస్ట్ షిఫ్టు దిగినవాళ్లు ఫస్ట్ షోకి, సెకండ్ షిఫ్టువాళ్లు మార్నింగ్ షోకి. ఏ షో అయినా తెరమీద ముందు పడేది సెన్సార్ సర్టిఫికెట్టే. దాన్ని ఎవరూ చదవరు. మన బొగ్గుబాయిల నేపథ్యంలో వచ్చిన ‘దసరా’కి (2023) యూ/ఏ ఇచ్చారని ఎంతమందికి గుర్తుంది?

ఆ కాగితం వెనక పెద్ద కథే ఉంది. అది తెలియాలంటే 1939కి పోవాలి. అప్పటికి గోదావరిఖని అన్న ఊరే లేదు. రామగుండం నిజాం రాజ్యంలో ఉంది. ఈ కథ జరిగింది అవతల, మద్రాసు ప్రెసిడెన్సీలో.

అంతకుముందు ఏడాదే గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసి అంటరానితనం మీద దెబ్బ కొట్టాడు. వెంటనే ‘రైతుబిడ్డ’ మొదలుపెట్టాడు. జమీందారు మనిషికి కాకుండా రైతుల మనిషికి ఓటు వేయాలనుకున్న ఓ చిన్న రైతు కథ ఇది. ఆ రైతు పాత్ర బళ్ళారి రాఘవది. మాటలు రాసినవారిలో త్రిపురనేని గోపీచంద్ ఉన్నాడు. విచిత్రమేంటంటే, సినిమా తీసిన సారథి ఫిలిమ్స్ వెనక ఉన్న డబ్బు చల్లపల్లి జమీందారుది!

జమీందారు డబ్బుతో జమీందారీ మీద సినిమా. మిగతా జమీందార్లు ఊరుకుంటారా? బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాల వాళ్లు అడ్డం తిరిగారు. బొబ్బిలి రాజా అంటే మామూలు మనిషి కాదు, జస్టిస్ పార్టీ నాయకుడిగా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినవాడు. 1937 ఎన్నికల్లో వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. ఓటు గురించి తీసిన సినిమా ఆ వర్గానికి ఎక్కడ గుచ్చుకుందో ఊహించుకోవచ్చు. చివరికి బ్రిటిష్ ప్రభుత్వం సినిమాను నిషేధించింది.

ఇక్కడ కాస్త ఆగి హాలీవుడ్‌ వైపు చూద్దాం. అక్కడ 1934 నుంచి జోసెఫ్ బ్రీన్ కార్యాలయం షూటింగ్‌కి ముందే స్క్రిప్టు చదివేది. ఏ మాట ఉండాలి, ఏ సీను పోవాలి అన్నది ఉత్తరాల మీద బేరం. ఆ ఆఫీసు సర్కారుది కాదు. సర్కారు సెన్సార్ వస్తుందనీ, చర్చి వాళ్లు బహిష్కరిస్తారనీ భయపడి స్టూడియోలే పెట్టుకున్నాయి. ‘రైతుబిడ్డ’ వచ్చిన మరుసటి ఏడాది, భూమి పోగొట్టుకున్న కౌలుదార్ల కథ ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ అక్కడ తెరకెక్కింది. నవల ముగింపు మాత్రం తెరమీదికి రాలేదు. అది రాజీపడింది, ఆడింది. మన సినిమా నిషేధంలో పడింది.

మన దగ్గర 1918 చట్టంతో వచ్చిన సెన్సార్ బోర్డుల పగ్గాలు పోలీసు కమిషనర్ల చేతిలో ఉండేవి. అంటే బొమ్మను చూసే కన్ను శాంతిభద్రతల కన్ను. అందులో అందంగా ఉందా, నిజంగా ఉందా అన్న ప్రశ్నకు చోటెక్కడ? జనం కదులుతారా, కదలరా అన్నదే లెక్క.

1952లో అమెరికా సుప్రీంకోర్టు సినిమా కూడా భావప్రకటనే అని ఒప్పుకుంది. అదే ఏడాది మనం సినిమాటోగ్రాఫ్ చట్టం రాసుకుని, ముందస్తు సెన్సార్‌ను కొనసాగించాం. 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో మన సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది కూడా.

జమీందారీ రద్దు చట్టం 1948లో వచ్చింది, ‘రైతుబిడ్డ’ తర్వాత తొమ్మిదేళ్లకు. చట్టమే తప్పన్న వ్యవస్థను తప్పని ముందే చెప్పినందుకు ఒక సినిమా శిక్ష అనుభవించింది.

బాయిల మీద, కార్మికుల మీద రేపు ఎవరైనా సినిమా తీస్తే బోర్డు ఎన్ని కోతలు పెట్టిందని అడుగుతాం. అడగాల్సిందే. కానీ దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. పెట్టుబడి ఎవరిది? ఎవరికి కోపం వస్తుందని ఏ సీను అసలు రాయనే లేదు? కత్తిరించిన ముక్కకు రికార్డు ఉంటుంది. రాయకుండా మానేసిన సీనుకు ఏ రికార్డూ ఉండదు.