రెక్క అరిగితే మిగిలేది అదృష్టమే

మా ఇంటి నేలమాళిగలో 1980ల నాటి పిన్‌బాల్ యంత్రం ఒకటి ఉన్నది. ఎవరో వదిలించుకోబోతుంటే చౌకగా కొని తెచ్చాను. నెల రోజులు ఇంటిల్లిపాదీ ఆడాము. ఆ తరువాత దాని ఫ్లిప్పర్లు నీరసించాయి. (వీటిని ఇకమీదట 'రెక్కలు' అంటాను. ఇంతకన్న మంచి మాట తోచినవారు చెప్పగలరు.) బొత్తాము నొక్కితే బంతి సగం దూరం ఎక్కి వెనక్కి జారేది. మా అమ్మాయి రెండు ఆటలు ఆడి, "ఇందులో మనం చేసేదేమీ లేదు నాన్నా, అంతా లక్కే" అని లేచిపోయింది. ఆ పిల్లకు తెలియదు గానీ, సరిగా ఆ అభియోగం మీదనే న్యూయార్కు నగరం ఈ ఆటను ముప్పై నాలుగేళ్ళు వెలివేసింది.

కథ మొదలు నుంచి చెబుతాను. 1871లో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే సిన్సినాటి వాసి, ఫ్రెంచివారి బాగటెల్ బల్లకు స్ప్రింగు కడ్డీ అమర్చి పేటెంటు పొందాడు. 1931లో షికాగోకు చెందిన గాట్లీబ్ సంస్థ 'బాఫుల్ బాల్' అనే బల్లను విడుదల చేసింది. మాంద్యపు రోజులు, చిల్లర నాణెంతో దొరికే వినోదం కనుక అది విరగబడి అమ్ముడుపోయింది. అయితే ఆ బల్లలకు రెక్కలు లేవు. బంతిని వదలడం వరకే ఆటగాని వంతు. ఆపైన మేకులు ఎటు తోస్తే అటే దాని ప్రయాణం. మహా అయితే బల్లను కుదపవచ్చు. దానినీ 'టిల్ట్' అనే కాపలాదారు అడ్డగించాడు.

1942 జనవరిలో న్యూయార్కు మేయరు ఫియోరెల్లో లా గార్డియా ఈ యంత్రాలను జూదపు సామగ్రిగా ఎంచి జప్తు చేయించాడు. స్వయంగా సమ్మెట పట్టి వాటిని పగులగొట్టాడు కూడా. ఆయన అతిగా ప్రవర్తించి ఉండవచ్చు గానీ, ఆనాటి బల్లను చూసినవారు ఆ వాదనను బొత్తిగా కొట్టివేయలేరు.

అయిదేళ్ళకు సమాధానం వచ్చింది. 1947లో గాట్లీబ్ సంస్థ రూపకర్త హ్యారీ మాబ్స్ 'హంప్టీ డంప్టీ' అనే బల్లకు విద్యుత్తుతో కదిలే ఆరు రెక్కలను అమర్చాడు. మరుసటి ఏడు జెన్‌కో సంస్థలో స్టీవ్ కోర్డెక్ 'ట్రిపుల్ యాక్షన్' బల్లకు ఆరింటి పని రెండింటితోనే చేయించి, వాటిని బల్ల అడుగున నిలిపాడు. నేటికీ మనం చూసే అమరిక దాదాపు అదే. బంతి విధి తొలిసారి ఆటగాని వేళ్ళలోకి వచ్చింది.

యంత్రం మారినా చట్టం వెంటనే మారలేదు. 1976లో రోజర్ షార్ప్ అనే పాత్రికేయుడు న్యూయార్కు నగర సభ్యుల ఎదుట ఆడి చూపాడు. చివరగా స్ప్రింగు కడ్డీని లాగుతూ, బంతి పైనున్న దారులలో నడిమిదానిలోనే పడుతుందని ముందే చెప్పి, అలాగే పడవేశాడు. నిషేధం తొలగింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న ఈ తగవు మనకూ కొత్తది కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని మన సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పింది.

ఇక మా యంత్రం సంగతి. బంతిని తీసి, ప్లగ్గు పీకి, బల్లను పైకెత్తాను. రెక్క కింద ఒక కాయిలు. అందులో రెండు చుట్లు. లావు తీగ చుట్టు బలంగా గుంజడానికి, సన్న తీగ చుట్టు రెక్కను పైన నిలిపి ఉంచడానికి. బొత్తాము నొక్కితే కాయిలు ఇనుప కడ్డీని లాగుతుంది. కడ్డీ లింకును లాగి రెక్క ఇరుసును తిప్పుతుంది. రెక్క పైకి చేరగానే ఒక చిన్న స్విచ్చి విడిపోయి, సన్న చుట్టును కూడా దారిలో కలుపుతుంది, కరెంటు తగ్గుతుంది. అది విడిపోకపోతే కాయిలు మాడుతుంది. దాని కొనలు నల్లబడి సరిగా అంటకపోతే మొదటి దెబ్బలోనే బలం ఉండదు.

నేను మొదట చేసిన పని నూనె వేయడం. అది తప్పు. నూనె దుమ్మును పట్టి జిగురుగా మారింది. విప్పి చూస్తే, ఏళ్ళ తరబడి కొట్టుకొని కడ్డీ కొన పుట్టగొడుగులా విచ్చుకొని ఉన్నది. లింకు రంధ్రం సాగి కోలగా అయింది. కడ్డీ, లింకు, లోపలి నైలాను గొట్టం, కడ్డీ వచ్చి తగిలే దిమ్మ, స్విచ్చి అన్నీ కొత్తవి వేశాను. రెండవ తప్పు బిగింపులో జరిగింది. సందు లేకుండా బిగించేసరికి రెక్క పైకి లేచి అక్కడే నిలిచిపోయింది. వెంట్రుకవాసి లూజు వదిలి మళ్ళీ బిగించాక కుదిరింది.

అప్పుడు నాకు ఒకటి బోధపడింది. 1947 నాటి మార్పు ఒకసారి జరిగి శాశ్వతంగా నిలిచిపోయినది కాదు. కడ్డీ అరిగిన ప్రతి యంత్రమూ మెల్లగా లా గార్డియా నాటి బల్లగా మారిపోతుంది. దానిని మళ్ళీ ఆటగా నిలిపేది మరమ్మతే.

ఆ సాయంత్రం మా అమ్మాయి మళ్ళీ ఆడింది, ఓడిపోయింది. "ఛ, ఆలస్యంగా నొక్కాను" అన్నది. ఈసారి లక్కు మాట ఎత్తలేదు.